క్యూనీ కాలేజీ టీములో పేరెక్కడం: నా అనుభవం

బాగా ఆడితే టీములోకి తీసుకుంటారన్నది సగం నిజమే. న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ కాలేజీల్లో, అంటే క్యూనీలో, కోచ్ సరేనన్న తర్వాత కూడా రోస్టర్ (టీము జాబితా) మీద పేరెక్కడానికి వారాలు పడుతుంది. నేను రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టి నాలుగేళ్ళ సీనియర్ కాలేజీకి మారాను కాబట్టి ఈ తంతు రెండు చోట్లా దాటాను. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో రాస్తున్నాను. ఇండియా నుంచి వచ్చిన మన పిల్లలకు మాత్రమే తగిలే చిక్కులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ముందు ఏ కాలేజీ ఎక్కడ ఆడుతుందో తెలియాలి. బరూక్, బ్రూక్లిన్, సిటీ కాలేజ్, హంటర్, జాన్ జే, లీమన్, యార్క్ లాంటి నాలుగేళ్ళ కాలేజీలు క్యూనీ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో ఒకదానితో ఒకటి ఆడతాయి. వీటిది దేశమంతటా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థలో డివిజన్ 3. బీఎంసీసీ, బ్రాంక్స్, హోస్టోస్, కింగ్స్‌బరో, క్వీన్స్‌బరో లాంటి రెండేళ్ళ కాలేజీలది ఎన్‌జేసీఏఏ అనే మరో సంస్థ, నియమాల పుస్తకమే వేరు. క్వీన్స్ కాలేజ్, స్టాటెన్ ఐలండ్ కాలేజ్ క్యూనీవే అయినా ఆడేది డివిజన్ 2లో. ఈ తేడా పట్టించుకోకుండా ఒక కాలేజీలో చదివే స్నేహితుణ్ణి అడిగి ఇంకో కాలేజీకి ఫారాలు నింపేవాళ్ళు ప్రతి ఏడూ కనిపిస్తారు.

డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. న్యూయార్క్ నివాసులకు సీనియర్ కాలేజీలో ఫుల్‌టైమ్ ట్యూషన్ ఏడాదికి 6,930 డాలర్లు. మీరెంత గొప్పగా ఆడినా ఆట పేరు మీద అందులో ఒక్క డాలరూ తగ్గదు. పెల్ గ్రాంటు (కేంద్ర ప్రభుత్వ సాయం), టాప్ (న్యూయార్క్ రాష్ట్ర సాయం) లాంటివి కుటుంబ ఆదాయాన్ని బట్టి వస్తాయి, ఆటతో వాటికి సంబంధం లేదు. "కోచ్‌తో మాట్లాడితే ఏమైనా తగ్గిస్తారా" అని అడిగే తల్లిదండ్రులుంటారు. కోచ్‌కి ఆ అధికారం లేదు, మాట ఇచ్చినా తప్పే.

క్రికెట్ ఉందా అని మనవాళ్ళు అడగకుండా ఉండరు. లేదు. న్యూయార్క్ ప్రభుత్వ హైస్కూళ్ళలో 2008 నుంచి క్రికెట్ లీగు ఉంది కానీ కాలేజీకొచ్చేసరికి అది క్లబ్బు ఆటే. మనవాళ్ళకి దారి సులువుగా దొరికేది టెన్నిస్, వాలీబాల్, క్రాస్ కంట్రీల్లో (ఇది పార్కుల్లో, కొండదారుల్లో దూరపు పరుగు). అబ్బాయిల వాలీబాల్ అమెరికాలో అన్ని కాలేజీల్లో ఉండదు, క్యూనీలో ఉంది. ఊళ్ళో సంక్రాంతి టోర్నమెంట్లు ఆడిన చేతికి అది పనికొస్తుంది. ఆ టోర్నమెంట్ల వల్ల ఒక చిక్కూ ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అసలు మెలిక 12 క్రెడిట్ల దగ్గర ఉంది (క్రెడిట్ అంటే కోర్సు బరువుని కొలిచే లెక్క). అండర్‌గ్రాడ్యుయేట్ ఆడాలన్నా, చివరికి ప్రాక్టీసుకి దిగాలన్నా ఆ సెమిస్టర్‌లో ఫుల్‌టైమ్‌గా, అంటే కనీసం 12 క్రెడిట్లలో నమోదై ఉండాలి. ఉద్యోగం చేసుకుంటూ 9 క్రెడిట్లతో చదివేవాళ్ళు క్యూనీలో లెక్కలేనంతమంది. వాళ్ళెవరూ ఆడటానికి లేదు. సెమిస్టర్ మధ్యలో కెమిస్ట్రీ కష్టమనిపించి ఒక కోర్సు వదిలేసి 12 కిందికి పడితే అర్హత ఆ క్షణమే పోతుంది. మర్నాడు ఫైనల్ ఉన్నా సరే. అందుకే ఆటగాళ్ళు 12 దగ్గర ఆగకుండా 15 తీసుకోవాలి. ఒక కోర్సు పోయినా 12 మిగులుతాయి. నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన సలహా ఇదే.

మినహాయింపు ఒకటుంది. డిగ్రీ పూర్తికి మిగిలిన కోర్సులన్నీ ఆ చివరి సెమిస్టర్‌లోనే తీసుకుంటున్నవాళ్ళకి 12 కన్నా తక్కువున్నా నడుస్తుంది. డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏ కోర్సులు మిగిలాయో చూపే పట్టిక) జతచేసి రిజిస్ట్రార్ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఇక్కడే ఇంకో ఉచ్చు. 12 నింపడానికి డిగ్రీకి అక్కర్లేని కోర్సు ఏదో ఒకటి చేర్చేస్తారు. ఆట లెక్కకి అది సరిపోతుంది కానీ టాప్ వాళ్ళు డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్లనే లెక్కపెడతారు. ఆట నిలబడి, టాప్ డబ్బు పోతుంది. రెండు లెక్కలూ ఒకేసారి చూసుకోవాలి.

క్యూనీకే ప్రత్యేకమైన ఇంకో తలనొప్పి ఈపర్మిట్. మీ కాలేజీలో దొరకని కోర్సుని మరో క్యూనీ కాలేజీలో చదివే ఏర్పాటు అది. కాన్ఫరెన్స్‌లో శత్రుపక్షమే అయినా క్లాసు మాత్రం అక్కడ కూర్చుని వినొచ్చు. ఈపర్మిట్‌కి ఆమోదం వచ్చిందని మెయిల్ రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ ఆమోదం కేవలం అనుమతి. ఆ తర్వాత మీరే వెళ్ళి అవతలి కాలేజీ సెక్షన్‌లో రిజిస్టర్ కావాలి. శుక్రవారం సాయంత్రం, ఆటగాళ్ళ అర్హత చూసే కంప్లయన్స్ ఆఫీసులో అర్హుల జాబితా తీస్తే తెర మీద ఎలా ఉంటుందో చూడండి: మూడు కోర్సులు, పక్కన 9.00 యూనిట్లు (అంటే క్రెడిట్లు), నాలుగో కోర్సు ఎదురుగా 'అప్రూవ్డ్' అన్న మాట. కుర్రాడు సాక్సు వేసుకుని బస్సు దగ్గర నిలబడి ఉంటాడు. అవతలి సెక్షన్ సీట్లు నిండిపోయి ఉంటాయి. అతనికి ఆ రోజు ఆట లేనట్టే.

కింగ్స్‌బరో, లాగార్డియాల్లో సెమిస్టర్ 12 వారాల భాగం, 6 వారాల భాగంగా రెండు ముక్కలు. రెండో ముక్క కోర్సుల్ని 12 క్రెడిట్లలోకి ఎలా లెక్కిస్తారో అక్కడి ఆఫీసునే ముందుగా అడగాలి. సొంత ఊహ పనికిరాదు.

గ్రేడ్ల సంగతి తేలిక. డివిజన్ 3లో దేశమంతటికీ ఒకటే జీపీఏ (గ్రేడ్ల సగటు) గీత లేదు. కాలేజీ దృష్టిలో మంచి స్థితిలో ఉంటే చాలు. క్యూనీలో 12 క్రెడిట్ల వరకు 1.50, 13 నుంచి 24 వరకు 1.75, 25 నుంచి 2.00 ఉండాలి. కమ్యూనిటీ కాలేజీల్లో ఇది కాస్త బిగువు. ఎన్‌జేసీఏఏలో రెండో ఏడు ఆడాలంటే 2.00 జీపీఏతో 24 క్రెడిట్లు పాసై ఉండాలి. మొదటి ఏడు ఒక్క కోర్సు తప్పి 21 దగ్గర ఆగినవాళ్ళకి ఆ లోటు పూడ్చుకోవడానికి వేసవి క్లాసులే దిక్కు.

ఒక్కరి క్రెడిట్ల మీద ఇంత పట్టుదల ఎందుకంటే క్యూనీ టీములు చిన్నవి. క్రాస్ కంట్రీలో టీముకి స్కోరు రావాలంటే ఐదుగురు గీత దాటాలి. ఆరుగురున్న టీములో ఇద్దరి ఫైళ్ళు ఆగితే మిగిలిన నలుగురు ఎంత వేగంగా పరిగెత్తినా టీము లెక్కలోకే రాదు. టెన్నిస్‌లో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్. ఐదుగురే వెళ్తే ఆట మొదలవకముందే ఒక సింగిల్స్, ఒక డబుల్స్ ఎదుటివాళ్ళకి రాసిచ్చినట్టు. అర్హత లేనివాణ్ణి దించారని తర్వాత తేలితే గెలిచిన మ్యాచీలు కూడా పోవచ్చు. అందుకే ఆఫీసువాళ్ళు అంత మొండిగా ఉంటారు. మొదట్లో విసుగొస్తుంది కానీ వాళ్ళ తప్పు లేదు.

ఇక వైద్య పరీక్షలు. వీటికంటే ముందే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాల రికార్డు ఇవ్వాలి. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం 6 క్రెడిట్లు, అంతకు మించి తీసుకునే విద్యార్థులకి ఇది తప్పనిసరి. ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే ఆగిపోతుంది. చిన్నప్పటి టీకాల కార్డు ఇండియాలో ఏ బీరువాలోనో ఉండిపోతే వెతికించేలోగా రక్తంలో యాంటీబాడీల పరీక్ష చేయించుకోవడం తొందరగా అయ్యే దారి.

ఫిజికల్ పరీక్ష మొదటి ప్రాక్టీసుకి ముందు ఆరు నెలల్లోపు చేయించుకున్నదై ఉండాలి. ట్రైఔట్‌కీ (టీము ఎంపికకీ) ఇదే నియమం. ఏప్రిల్ 10న చేయించుకున్న కాగితం ఆగస్టులో సాకర్‌కి చెల్లుతుంది. అదే కాగితం అక్టోబరు నడుమ బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు మొదలయ్యేసరికి చెల్లదు. ఏడాదికోసారి డాక్టరు చేసే మామూలు చెకప్ కాగితం తెచ్చి ఇచ్చేవాళ్ళు ఎక్కువగా పడేది ఇక్కడే. కాలేజీ ఇచ్చిన ఫారం మీదే రాయించుకోవాలి. డాక్టరు సంతకం, తేదీ, లైసెన్స్ ముద్ర మూడూ ఉన్నాయో లేదో క్లినిక్ గుమ్మం దాటకముందే చూసుకోవాలి. ఆట ఆడొచ్చా అన్న గడిలో టిక్కు పెట్టకుండా సంతకం మాత్రం పెట్టిన ఫారాలు వెనక్కి వస్తాయి. గుండెలో మర్మర్ (అదనపు శబ్దం) వినిపించిందని రాస్తే ఎకో (గుండె స్కాన్) చేయించుకుని కార్డియాలజిస్టు కాగితం తెచ్చేదాకా ఆగాల్సిందే. ఆ అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు కాబట్టి ఫాల్ (శరత్కాలం) ఆటలవాళ్ళు జులైలోనే ఫిజికల్ కానిచ్చేయాలి.

సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాల జన్యులోపం) పరీక్ష ఫలితం కూడా అడుగుతారు. న్యూయార్క్‌లో పుట్టిన పిల్లలకి ఇబ్బంది లేదు. రాష్ట్రం 1975 నుంచి నవజాత శిశువులకి ఈ పరీక్ష చేస్తోంది, పాత రికార్డు తెప్పించుకోవచ్చు. గుంటూరులోనో వరంగల్‌లోనో పుట్టినవాళ్ళకి ఆ రికార్డు ఉండదు, కొత్తగా రక్తం ఇవ్వాలి. ఫిజికల్‌కి వెళ్ళినప్పుడే దీన్నీ రాయమని అడగండి. లేకపోతే ల్యాబుకి రెండోసారి తిరగాలి, ఫలితం కోసం మళ్ళీ కాచుకోవాలి. డాక్టరు "అంతా బాగుంది" అని రాసిన మాట చాలదు, పేరు, తేదీ, ఫలితం ఉన్న ల్యాబు రిపోర్టే కావాలి. ట్రెయిట్ (జబ్బు లేకుండా ఆ జన్యువు మాత్రం) ఉందని తేలినా ఆట ఆపరు. వేడిలో పరుగు నెమ్మదిగా పెంచుతారు, నీళ్ళకీ విశ్రాంతికీ ఎక్కువ సమయం ఇస్తారు.

ఇన్సూరెన్స్ కార్డు ముందూ వెనకా ఫోటో ఇస్తే సరిపోతుందనుకోవద్దు. ఎన్‌సీఏఏ పెద్ద ప్రమాదాల బీమా 90,000 డాలర్లు దాటాకే మొదలవుతుంది. అక్కడిదాకా ఖర్చు భరించే బీమా ప్రతి ఆటగాడికీ ఉందని కాలేజీ చూసుకోవాలి. మామూలుగా మీ సొంత బీమా ముందు కడుతుంది, కాలేజీ పాలసీ మిగిలినదానికి వస్తుంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవాళ్ళు కొనే చవక ప్లాన్లలో మినహాయింపుల పేజీ తీసి 'ఇంటర్‌కాలీజియేట్ స్పోర్ట్స్' (కాలేజీల మధ్య ఆటలు) అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే ఆ ప్లాను మోకాలికి పనికిరాదు. దెబ్బ తగిలాక ఆస్పత్రి బిల్లుతో పాటు మీ బీమావాళ్ళు పంపే వివరణ పత్రం కూడా ట్రైనర్‌కి (టీములో దెబ్బలు చూసేవాళ్ళకి) ఇవ్వాలి. అది లేకుండా రెండో పాలసీ కదలదు.

తలకి దెబ్బ తగిలితే పోల్చి చూడటానికి ముందుగానే కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. దీన్ని తేలిగ్గా తీసుకుని రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చి కళ్ళు మూతలు పడుతుండగా రాస్తే, ఫలితం చెల్లదని మళ్ళీ రాయిస్తారు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత లోపానికి) మందులు వాడేవాళ్ళు ప్రిస్క్రిప్షన్‌తో పాటు రోగనిర్ధారణ కాగితాలు కూడా ముందే ఫైల్లో పెట్టించాలి. డోపింగ్ పరీక్ష అయ్యాక చూపించుకోవచ్చులే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

ఇండియా నుంచి వచ్చినవాళ్ళ ఫారాల్లో నేను చూసిన వింత చిక్కు 'జూనియర్ కాలేజీ' అన్న మాట. మనకది ఇంటర్మీడియట్, అంటే పదకొండు, పన్నెండు తరగతులు. అమెరికాలో జూనియర్ కాలేజీ అంటే హైస్కూలు తర్వాత చదివే రెండేళ్ళ కాలేజీ. చదువు వివరాల గడిలో "శ్రీ ఫలానా జూనియర్ కాలేజీ, రెండేళ్ళు" అని రాస్తే ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి మీరు ఇప్పటికే నాలుగు సెమిస్టర్ల కాలేజీ చదివినట్టు కనిపిస్తుంది. కాలేజీ నుంచి బదిలీ అయి వచ్చారని ఆ పాత కాలేజీకి ఫారం పంపాలంటారు. విజయవాడలో ఇంటర్ కాలేజీ క్లర్కుకి ఆ ఫారం అర్థం కాదు, జవాబు రాదు. పేరు అలాగే ఉంచినా పక్కనే "హైస్కూలు 11, 12 తరగతులు" అని స్పష్టంగా రాసి, ఇంటర్ బోర్డు మెమో జతచేస్తే ఆ గొడవే రాదు.

సెమిస్టర్ల గడియారం నిజమైన చిక్కు. డివిజన్ 3లో నాలుగు సీజన్లు ఆడొచ్చు, కానీ అవన్నీ ఫుల్‌టైమ్‌గా చదివిన మొదటి 10 సెమిస్టర్లలోపే. పార్ట్‌టైమ్‌గా చదివిన సెమిస్టర్ ఈ లెక్కలోకి రాదు. ఉద్యోగాలు చేసుకునే క్యూనీ పిల్లలకి అదొక వరం. ఇండియాలో చదివిన డిగ్రీ మాత్రం లెక్కలోకి వస్తుంది. బీటెక్ నాలుగేళ్ళంటే 8 సెమిస్టర్లు. అది అయ్యాక ఇక్కడ చదువుకి వచ్చిన కుర్రాడికి గడియారం ప్రకారం మిగిలేది రెండే. అక్కడ కాలేజీ టీముకి ఆడి ఉంటే ఆ సీజన్లు కూడా ఖర్చయినట్టే. బ్రాంచీల మధ్య ఆడుకున్న మ్యాచీలకి భయం లేదు. ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్‌ని గర్వంగా అప్‌లోడ్ చేసేముందు అది దేనికి సాక్ష్యమో తెలిసుండాలి. దాచమనటం లేదు, దాస్తే ఇంకా పెద్ద తప్పు. ఎన్ని సీజన్లు మిగిలాయో కోచ్‌తో ఆశలు పెంచుకోకముందే కంప్లయన్స్ ఆఫీసులో లెక్క తేల్చుకోండి.

సంక్రాంతి వాలీబాల్ చిక్కు ఇదిగో. 2023 ఆగస్టు 1 నుంచి డివిజన్ 3 కాలేజీల్లో ఫుల్‌టైమ్‌గా చేరే విదేశీ విద్యార్థులు అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాళ్ళు) అని ధ్రువపత్రం వచ్చాకే పోటీలో దిగాలి. అందులో ఏ టీముకి ఆడారు, ఏ టోర్నమెంట్లు, డబ్బు ముట్టిందా అని అడుగుతారు. మన ఊళ్ళ టోర్నమెంట్లలో నగదు బహుమతి మామూలే. మొదటి బహుమతి డబ్బు జట్టులో పంచుకుంటే మీ వాటా ఎంత, ఎంట్రీ ఫీజు, బస్సు, భోజనాలకి మీ ఖర్చెంత అన్నది రాయాలి. ఖర్చుకి మించలేదని చూపించగలిగితే సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. ఖాళీగా వదిలేసి, ఆ బహుమతి అందుకుంటున్న ఫోటో ఫేస్‌బుక్‌లో ఉంచుకోవడమే ఇబ్బంది. దీనికి వారాలు పడుతుంది కాబట్టి వీసా పనులతో పాటే మొదలుపెట్టాలి.

కమ్యూనిటీ కాలేజీ నుంచి సీనియర్ కాలేజీకి మారేవాళ్ళకి పాత కాలేజీ నుంచి ట్రేసర్ అనే ఫారం రావాలి. అక్కడే ఉండి ఉంటే మీరు ఆడటానికి అర్హులేనా అన్నదే అందులో అసలు ప్రశ్న. చివరి సెమిస్టర్‌లో "ఎలాగూ వెళ్ళిపోతున్నా కదా" అని కోర్సులు గాలికొదిలేసినవాళ్ళు ఇక్కడ దొరికిపోతారు. ఆగస్టులో పాత ఆఫీసులో మనిషి సెలవులో ఉంటే ఆ ఫారం అలాగే పడి ఉంటుంది. నాకు జరిగిందదే. వెళ్ళి ఎదురుగా నిలబడితే పది నిమిషాల్లో అయింది.

పందేల గురించి సంతకం పెట్టమన్నప్పుడు చదవకుండా పెట్టకండి. ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ నిర్వహించే ఏ ఆట మీదా, కాలేజీదైనా ప్రొఫెషనల్‌దైనా, పందెం కాయకూడదు. ఆఫీసులో 20 డాలర్లేసి సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) పూల్‌లో చేరడం కూడా ఇందులోకే వస్తుంది. క్రికెట్ ఆ జాబితాలో లేదు కానీ, దాన్ని అలుసుగా తీసుకుని ఇతర ఆటల మీద చెయ్యి పెట్టేవాళ్ళున్నారు. ఈ కాన్ఫరెన్స్‌లో ఈ మాటకి బరువెక్కువ. సిటీ కాలేజ్ 1950లో ఎన్‌ఐటీ (నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంట్), ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టైటిళ్ళు రెండూ ఒకే సీజన్‌లో గెలిచింది. ఇంకెవరికీ చేతకాలేదు. మరుసటి ఏడే ఆ జట్టు ఆటగాళ్ళు పాయింట్లు తగ్గించడానికి డబ్బు తీసుకున్న కుంభకోణం బయటపడింది. ఆ జట్టు కోచ్ నాట్ హోల్మన్ పేరు ఇప్పుడు అక్కడి జిమ్నాజియంకి ఉంది.

కాగితాలయ్యాక మిగిలేది టైమ్‌టేబుల్. క్యూనీలో హాస్టళ్ళు తక్కువ, అందరూ సబ్‌వే మీదే. హంటర్, బరూక్ జిమ్ములు నేల కింద ఉంటాయి. సొంత మైదానం లేని కాలేజీలు సాకర్, బేస్‌బాల్ కోసం పార్కుల పర్మిట్లు తీసుకోవాలి. అందుకే ప్రాక్టీసు ఒక రోజు తెల్లవారుజామున, ఇంకో రోజు రాత్రి. జమైకాలో ఉన్న యార్క్ నుంచి బ్రాంక్స్‌లో లీమన్‌కి వెళ్ళాలంటే 'E' రైల్లో సెవెన్త్ ఎవెన్యూ దాకా వచ్చి, 'D' రైలు మారి బెడ్‌ఫర్డ్ పార్క్ బులెవార్డ్‌లో దిగాలి. గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. సాయంత్రం నాలుగు తర్వాత ల్యాబు పెట్టుకుంటే సీజన్‌లో సగం మ్యాచీలు దానికే పోతాయి. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే, పోయిన ఏడాది మ్యాచీల పట్టిక పక్కన పెట్టుకుని పొద్దుటి సెక్షన్లు పట్టుకోవాలి. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వడం నియమం. ఆ రోజు ఏదో ముందే అడిగితే ఉద్యోగం షిఫ్టు దాన్ని బట్టి పెట్టుకోవచ్చు.

క్రాస్ కంట్రీవాళ్ళు వాన్ కోర్ట్‌లాండ్ పార్కు అలవాటు చేసుకోవాలి. అబ్బాయిలకి 8, అమ్మాయిలకి 6 కిలోమీటర్లు. మొదటి భాగం చదునుగా ఉందని వేగంగా పోతే వెనక కొండల్లో ఊపిరి అందదు. 1 రైలు చివరి స్టేషన్ 242వ వీధిలో దిగి, పోటీకి ముందు ఒకసారి మొత్తం దారి నడిచి చూడండి.

రెండో ఏడు ఫైలు మళ్ళీ మొదటి నుంచి పెట్టనక్కర్లేదు. సికిల్ సెల్ రిపోర్టు ఉంటుంది. మెడికల్ హిస్టరీ మాత్రం కొత్తగా నింపాలి, వేసవిలో తగిలిన దెబ్బలతో సహా. ఇన్సూరెన్స్ కార్డు మారితే కొత్తది ఇవ్వాలి. జనవరిలో ప్లాన్లు మారతాయి కాబట్టి సీజన్ మధ్యలో పాత నంబరుతో ఎక్స్‌రేకి వెళ్ళి, బిల్లు ఇంటికొచ్చాక తెలుసుకునేవాళ్ళు ప్రతి బాస్కెట్‌బాల్ టీములోనూ ఒకరైనా ఉంటారు.